పదో తరగతి చదువుతూనే ఆటోనగర్‌లో పని నేర్చుకోవచ్చా? మావాడి గోల

సింగ్‌నగర్ అమ్మ | నవంబర్ 9, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మావాడు పదో తరగతి, గవర్నమెంటు హైస్కూలు. 15 నిండాయి. మొన్న వేసవి సెలవుల్లో పొద్దస్తమానం ఫోను పట్టుకుని కూర్చుంటున్నాడని మా తమ్ముడు వాణ్ణి తనతో విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్ళాడు. తమ్ముడికి అక్కడ లేతు (ఇనుప ముక్కని తిప్పుతూ చెక్కే మిషను) షెడ్డు ఉంది. రెండు లేతులు, ఒక డ్రిల్లింగ్ మిషను, ఇద్దరు పనివాళ్ళు. అంతే.

నెలన్నర వెళ్ళొచ్చేసరికి పిల్లాడు పిల్లాడిలా లేడు. నా కుట్టుమిషను పెడల్ దగ్గర బుష్షు అరిగిపోయి ఏడాదిగా కటకటలాడుతోంది. ఎవరికీ చెప్పకుండా కొలత తీసుకెళ్ళి ఇత్తడి బుష్షు తిప్పుకొచ్చి వేశాడు. సగం పని మా తమ్ముడే చేసుంటాడనుకోండి. అయినా ఆ రోజు మిషను తొక్కుతుంటే చప్పుడు లేకపోయేసరికి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఇప్పుడు గొడవేంటంటే, రోజూ బడి అయ్యాక 5 నుంచి 8 దాకా షెడ్డుకి వెళ్తానంటాడు. ఆదివారం పూర్తిగా అక్కడే. పది అయ్యాక ఇంటరూ వద్దట, ఏదీ వద్దట, సరాసరి మామయ్య దగ్గరే చేరిపోతాడట. మా ఆయన ఆటో తోలతారు. "నేనింత ఎండలో తిరిగేది వీడి చేతికి గ్రీజు అంటడానికా" అని ఒకటే కేకలు. నాకేమో మార్చిలో పరీక్షలని ఒక భయం, లేతు దగ్గర వేళ్ళు పోతాయని ఇంకో భయం. అసలు ఈ వయసు పిల్లాణ్ణి షెడ్డుకి పంపడం తప్పా? చట్టం ఒప్పుకుంటుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

---

బెంజిసర్కిల్ బ్రో | నవంబర్ 9, రాత్రి 9:31

అక్కా, పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష) రాయించండి. డిప్లొమా మూడేళ్ళు. ఆటోనగర్ ఎక్కడికీ పారిపోదు, చదువుకునే వయసు పారిపోతుంది. బావగారి మాటే కరెక్టు.

---

షెడ్డు మేస్త్రీ | నవంబర్ 9, రాత్రి 10:48

అమ్మా, నాది ఆటోనగర్‌లోనే పని. ముప్ఫై ఏళ్ళు దాటింది. ఫోనులో టైపు చేయడం నెమ్మది, మావాడు పక్కన కూర్చుని సరిచేస్తున్నాడు.

నేను ఏడో తరగతి ఆపేసి వచ్చాను. మొదటి ఆరు నెలలు టీలు తేవడం, షెడ్డు ఊడవడం, ఇనుప రజను గోనెసంచిలోకి ఎత్తడం. జీతం లేదు, మధ్యాహ్నం అన్నం మాత్రం మా మేస్త్రీ ఇంటినుంచి వచ్చేది. ఒకరోజు లేతులో ముక్కని పట్టుకునే చక్కు బిగించి, కీ తీయడం మర్చిపోయి స్విచ్చి వేశాను. ఆ కీ ఎగిరి వెనక రేకుకి తగిలింది. నా తలకి జానెడు పక్కగా. మా మేస్త్రీ చెంప ఛెళ్ళుమనిపించాడు. ఇప్పటికీ చక్కు కీ నా చేతిలోంచి బల్లమీదికి వెళ్ళేదాకా స్విచ్చి వైపు చూడను. ఆ దెబ్బ అలా పనిచేసింది. అట్లాగని పిల్లల్ని కొట్టమని కాదు, మావాడు చదివి మొహం పెడుతున్నాడు.

ఇక అసలు సంగతి. మా రోజుల్లో అరిగిన పాత ముక్క తెచ్చి "ఇట్లాంటిదే చెయ్యి" అనేవాళ్ళు. దాని పక్కన పెట్టుకుని చేసేవాళ్ళం. ఇప్పుడు ఫ్యాక్టరీల పని కావాలంటే డ్రాయింగ్ పంపుతారు. అందులో 25 హెచ్7 (చిన్న హెచ్) అని ఉంటుంది. అంటే షాఫ్టు (ఇరుసు) 25 మిల్లీమీటర్లు దాటకూడదు, తగ్గితే 0.021 లోపే తగ్గాలి. వెంట్రుకంత మందం కూడా కాదది. నాకు చేతిలో పని ఉంది, కానీ ఆ కాగితం చదవడం రాదు. మావాణ్ణి పిలిచి చదివించుకుంటాను. డ్రాయింగ్ పని తీసుకునే షెడ్డుకి రేటు వేరు, పాత ముక్క చూసి చేసే షెడ్డుకి రేటు వేరు.

లారీల మెకానిక్కులదీ అదే కథ. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 బళ్ళు వచ్చినప్పటినుంచి చెవి పెట్టి విని రోగం చెప్పే రోజులు పోయాయి. స్కానర్ పెట్టాలి, అందులో వచ్చే ఇంగ్లీషు కోడు చదవాలి, యాడ్‌బ్లూ (పొగని శుద్ధి చేసే ద్రవం) లైనులో తేడానా, సెన్సార్‌లో తేడానా తేల్చాలి. స్పానర్ తిప్పడం వచ్చినవాళ్ళు మా రోడ్డులో బోలెడుమంది. కోడు చదివేవాణ్ణి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

కాబట్టి పిల్లాణ్ణి పంపండి. చదువు మాన్పించి మాత్రం పంపకండి.

---

బెంజిసర్కిల్ బ్రో | నవంబర్ 9, రాత్రి 11:02

మేస్త్రీ గారూ, మరి మీ అబ్బాయిని షెడ్డులో పెట్టారా, చదివిస్తున్నారా? 😀

---

షెడ్డు మేస్త్రీ | నవంబర్ 9, రాత్రి 11:10

రెండూ. మెకానికల్ డిప్లొమా రెండో ఏడు. ఆదివారం షెడ్డులో ఉంటాడు. రాకపోతే వాళ్ళమ్మ టిఫిను పెట్టదు.

---

లేబరు కాగితాలు | నవంబర్ 10, ఉదయం 7:20

చట్టం గురించి అడిగారు కాబట్టి. నేను కార్మిక చట్టాల కన్సల్టెంటు దగ్గర పనిచేస్తాను.

బాల కార్మిక చట్టం 1986 నాటిది, 2016లో గట్టిగా సవరించారు. 14 నిండని పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. సొంత కుటుంబం నడిపే వ్యాపారంలో బడి అయ్యాకో, సెలవుల్లోనో సాయం చేయొచ్చు, అదీ ప్రమాదకరమైన పని కాకపోతేనే. కుటుంబం అంటే అమ్మానాన్నలూ తోబుట్టువులే కాదు, మేనమామ, బాబాయి, మేనత్త, పిన్ని కూడా అని చట్టంలోనే రాశారు.

మీవాడికి 15 కాబట్టి 14 లోపు నిషేధం వర్తించదు. కానీ 14 నుంచి 18 మధ్య ఉన్నవాళ్ళని ప్రమాదకర పనుల్లో పెట్టకూడదు. అక్కడ మేనమామైనా ఒకటే, పరాయివాడైనా ఒకటే. నియమం తప్పి పెట్టుకుంటే యజమానికి 6 నెలల నుంచి 2 ఏళ్ళ జైలు, 20 వేల నుంచి 50 వేల జరిమానా, లేదా రెండూ. గ్యాస్ కటింగ్, రంగులూ థిన్నరూ ఉన్నచోటు, ఫర్నేసు, వీటి ఛాయలకి కూడా పోనివ్వకండి. మీ తమ్ముడి షెడ్డులో కూడా తిరిగే మిషను మీద వాడి చేత పని చేయించకుండా, కొలతలూ ఫైలింగూ దగ్గర ఉంచడం అందరికీ క్షేమం.

ఇంకోటి. అప్రెంటిస్ అనే మాట అందరూ వాడేస్తారు. అప్రెంటిస్ చట్టం 1961 ప్రకారం అది ఒప్పందం. రాతపూర్వకంగా ఉండాలి, ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు కావాలి. కనీస వయసు 14, ప్రమాదకర పరిశ్రమల్లో 18. మైనరైతే తల్లో తండ్రో సంతకం పెట్టాలి. 2019లో సవరించిన నిబంధనల్లో నెలకి కనీస స్టైపెండు 5 నుంచి 9 తరగతులు చదివినవాళ్ళకి 5,000, పది పాసైతే 6,000, ఐటీఐ సర్టిఫికెట్ ఉంటే 7,000 అని పెట్టారు. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండులో పావు వంతు, 1,500 దాకా, కేంద్రం భరిస్తుంది. 30 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న సంస్థ అప్రెంటిస్‌లని తీసుకోవడం తప్పనిసరి. 4 నుంచి 29 మంది ఉన్నవాళ్ళు ఇష్టమైతే తీసుకోవచ్చు. మీ తమ్ముడి షెడ్డులో ఆయనతో కలిపి ముగ్గురే అన్నారు, కాబట్టి అక్కడ మీవాడు అప్రెంటిస్ కాడు, మేనల్లుడు. రేపు ఎవరైనా "అనుభవం ఉందా, కాగితం చూపించు" అంటే మామయ్య మాట తప్ప ఏమీ ఉండదు.

---

పాత ఇన్‌స్ట్రక్టరు | నవంబర్ 10, ఉదయం 8:05

ఐటీఐలో టర్నర్ (లేతు పని) ట్రేడు చెప్పి రిటైరయ్యాను. పై ఆయన కాగితం దగ్గరే ఆపారు కాబట్టి అక్కణ్ణించి అందుకుంటాను.

అమ్మా, మీవాడికి లేతు మీద మనసుంటే పది పాసయ్యాక టర్నరో మెషినిస్టో చేయించండి. రెండేళ్ళు. ఫిట్టరూ ఎలక్ట్రీషియనూ కూడా రెండేళ్ళే. డీజిల్ మెకానిక్, వెల్డరు ఏడాది. వెల్డరుకి ఎనిమిది చదివితే చాలు, టర్నరుకి మాత్రం పదిలో లెక్కలూ సైన్సూ ఉండాలి. ఆ తర్వాత ఆర్టీసీలోనో రైల్వేలోనో అప్రెంటిస్.

ఇక్కడే పిల్లలు బోల్తా పడతారు. "మెకానిక్ అవ్వడానికి పది మార్కులెందుకు" అంటారు. రైల్వే అప్రెంటిస్ ఎంపికకి వేరే రాతపరీక్ష ఉండదు. పదో తరగతి మార్కులూ ఐటీఐ మార్కులూ కలిపి సగటు తీసి మెరిట్ వేస్తారు. పదిలో 50 శాతం లేకపోతే దరఖాస్తే చెల్లదు. వయసు 15 నుంచి 24. మన పక్కనే రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపు ఉంది, విజయవాడలో లోకో షెడ్లున్నాయి. చేయి బ్రహ్మాండంగా తిరిగిన కుర్రాడు పదిలో 47 శాతం దగ్గర ఆగిపోయి, ఫారం కూడా పెట్టుకోలేక నా ముందు కూర్చుని ఏడ్చాడు. నా సర్వీసులో మర్చిపోలేని మొహం అది. అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్ళకి రైల్వే లెవల్-1 (మొదటి మెట్టు) పోస్టుల్లో 20 శాతం కోటా కూడా ఉంది. ఆ తలుపు 47 దగ్గర మూసుకుపోయింది.

మీవాడికి ఇదొక్కటి చెప్పండి. మార్చి పరీక్ష కూడా టర్నర్ పనిలో భాగమే అని. వింటాడు.

---

అరండల్‌పేట కరెంటు | నవంబర్ 10, మధ్యాహ్నం 1:40

గుంటూరు నుంచి. నేను సరిగ్గా మీవాడి వయసులో పనిలోకి వెళ్ళినవాణ్ణి, అందుకే రాస్తున్నా.

తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక వైరింగ్ కాంట్రాక్టరు దగ్గర చేరాను. సాయంత్రాలూ ఆదివారాలూ. "నేర్పుతా" అన్నాడు. రెండేళ్ళు నేను చేసింది ఒకటే పని, గోడలకి గాడి కొట్టడం. సుత్తీ ఉలీ. పైపు పెట్టేది ఇంకొకడు, వైరు లాగేది ఇంకొకడు, డీబీ బాక్సు (ఇంటి కరెంటంతా పంచే పెట్టె) మూత తెరిస్తే దగ్గరికి రానిచ్చేవాడు కాదు. సిమెంటు దుమ్ముతో రాత్రుళ్ళు దగ్గు. బడిలో మొదటి పీరియడ్‌కే నిద్ర. పదిలో లెక్కలు పోయాయి. ఆ కాంట్రాక్టరుకి నేను కొట్టిన గాళ్ళు పనికొచ్చాయి, నాకేం వచ్చింది?

సప్లిమెంటరీ రాసి, ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేశాక తెలిసింది లైట్లకి 1.5, పవర్ ప్లగ్గుకి 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు ఎందుకు వేస్తారో. షాకు నుంచి కాపాడే ఆర్‌సీసీబీ స్విచ్చి 30 మిల్లీఆంపియర్లు లీకైతేనే ఎందుకు పడిపోతుందో. రెండేళ్ళు గాడి కొట్టినా ఇది ఒక్కడూ చెప్పలేదు. ఇప్పుడు వైర్‌మన్ పర్మిట్ ఉంది, సొంతంగా పని పడుతున్నా.

అక్కా, మీ తమ్ముడు మంచాడే అయ్యుండొచ్చు. అయినా మూడు నెలలకోసారి పిల్లాణ్ణి అడగండి, "కొత్తగా ఏం నేర్చుకున్నావురా" అని. పోయిన మూడు నెలల జవాబే మళ్ళీ చెప్పాడంటే వాడక్కడ కూలివాడు.

---

షెడ్డు మేస్త్రీ | నవంబర్ 10, మధ్యాహ్నం 2:15

తమ్ముడూ, నిజం చెప్పావు. మాలోనూ అలాంటివాళ్ళున్నారు. పని నేర్పితే రేపు ఎదురుగా షెడ్డు పెడతాడని భయం. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు ముగ్గురు విడిగా పెట్టుకున్నారు, ఒకడు నా గిరాకీ కూడా పట్టుకెళ్ళాడు. పండక్కి మిఠాయి తెస్తాడు, తింటాను, ఏం చేస్తాం.

---

ఎనిమిదో పీరియడ్ | నవంబర్ 10, సాయంత్రం 6:30

జడ్పీ హైస్కూలు టీచర్ని. ఫిజిక్స్.

సాయంత్రం 5 నుంచి 8 అనేది అస్సలు ఒప్పుకోకండి. పదో తరగతికి స్టడీ అవర్లుంటాయి. రోజుకి మూడు గంటలు నిలబడి పనిచేసి వచ్చిన పిల్లాడు పుస్తకం ముందు పావుగంట కూడా ఆగడు, కళ్ళు తెరిచే నిద్రపోతాడు. నేను చూస్తూనే ఉన్నాను.

అయితే పని వద్దనే టీచర్ని కాను. 2020 జాతీయ విద్యా విధానంలోనే 6 నుంచి 8 తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి దగ్గరో కుమ్మరి దగ్గరో పని చూడాలని రాశారు. సమగ్ర శిక్ష పథకం కింద కొన్ని బళ్ళలో 9, 10 తరగతులకి ఆటోమోటివ్, ఎలక్ట్రానిక్స్ లాంటి ట్రేడులూ ఉన్నాయి. మీ బడిలో ఉందేమో హెడ్‌మాస్టర్ని అడగండి.

మా క్లాసులో ఇలాంటివాడే ఒకడున్నాడు, బైకు మెకానిక్ కొడుకు. ఓమ్ నియమం చెప్తుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు హెడ్‌లైట్ బల్బు తెమ్మన్నాను. దానిమీద 12 ఓల్టులు, 35 వాట్లు అని ఉంది. "దీంట్లోంచి ఎంత కరెంటు పోతుంది, ఫ్యూజు ఎంతది వేస్తావ్" అన్నాను. బోర్డు దగ్గరికి తనే వచ్చి 35ని 12తో భాగించాడు. మూడుకి కాస్త తక్కువ. "అందుకా సార్, మా నాన్న సన్న ఫ్యూజు వేస్తే పోతోంది" అన్నాడు. ఆ తర్వాతి పరీక్షలో వాడికి ఎన్ని వచ్చాయన్నది వేరే కథ. కిటికీ వైపు చూడ్డం మాత్రం మానేశాడు.

ఆదివారం ఒక్కపూట చాలు. జనవరి సంక్రాంతి తర్వాత అదీ ఆపించండి, మార్చి అయ్యేదాకా.

---

స్టుట్‌గార్ట్ తెనాలి | నవంబర్ 10, రాత్రి 11:55

మాది తెనాలి, ఉండేది జర్మనీలో. ఇక్కడ పిల్లలు 16 ఏళ్ళకే ఔస్‌బిల్డుంగ్‌లో చేరతారు. వారంలో ఒకటి రెండు రోజులు వృత్తి బడి, మిగతా రోజులు కంపెనీలో పని, నెలనెలా డబ్బులు. మెకట్రానిక్స్ అయితే మూడున్నరేళ్ళు. చివర్లో పరీక్ష, అందులో పనీ రాతా రెండూ. మా పక్కింటి డాక్టరు గారి అబ్బాయి లేతు పని నేర్చుకుంటున్నాడు, ఎవరూ నోరెళ్ళబెట్టలేదు.

---

బెంజిసర్కిల్ బ్రో | నవంబర్ 11, ఉదయం 9:12

జర్మనీ సంగతి సరే అన్నా, ఇక్కడ పెళ్ళి సంబంధానికెళ్తే "అబ్బాయి ఏం చేస్తాడు" అంటే "లేతు" అని చెప్పి చూడు.

---

షెడ్డు మేస్త్రీ | నవంబర్ 11, ఉదయం 9:40

బాబూ, నాకు పెళ్ళయింది. ఇద్దరు పిల్లలు కూడా.

---

నల్లపాడు చల్లదనం | నవంబర్ 11, మధ్యాహ్నం 12:25

😂 మేస్త్రీ గారికి దండం.

నేను ఏసీ, రిఫ్రిజిరేషన్ మెకానిక్‌ని, ఆడమనిషిని, గుంటూరు. ఈ చర్చ అంతా "మావాడు" "కుర్రాడు" అనే నడుస్తోంది కాబట్టి ఒక మాట. మా ఊళ్ళో మిర్చి టిక్కీలు (బస్తాలు) పెట్టుకోవడానికి కోల్డ్ స్టోరేజీలు బోలెడు. చాలావాటిలో అమోనియా ప్లాంట్లు. లీకైందంటే కళ్ళూ గొంతూ మండిపోతాయి, అందుకే చదువు లేని హెల్పర్ని కంప్రెసర్ రూములోకి పంపకూడదు. నాకు అక్కడ పని దొరికింది బలంతో కాదు, గేజీ చూసి ప్రెషరూ టెంపరేచరూ పట్టిక చదవగలను కాబట్టి. ఆడపిల్లల తల్లులు కూడా ఇది చదువుతుంటారు, అందుకని చెప్పాను.

సింగ్‌నగర్ అక్కా, షెడ్డుకి పంపితే చేతికి గుడ్డ గ్లోవ్స్ తొడిగి పంపకండి. లేతు దగ్గర గ్లోవ్స్ యమపాశం. తిరిగే చక్కు గుడ్డని పట్టుకుందంటే చెయ్యి వదలదు. పొడుగు చేతుల చొక్కా, చేతికి తాడు, మెడలో గొలుసు, అన్నీ ఇంట్లోనే తీయించండి. కళ్ళజోడు మాత్రం తప్పనిసరి.

---

సింగ్‌నగర్ అమ్మ | నవంబర్ 24, రాత్రి 9:50

రెండు వారాలైంది రాసి. అందరికీ ఒక్కొక్కరికీ జవాబివ్వలేకపోయాను, ఏమీ అనుకోకండి.

ముందు మా ఆయనకి ఇన్‌స్ట్రక్టరు మాస్టారి పోస్టు చదివి వినిపించాను. "రైల్వే" అన్న మాట దగ్గర చెవులు నిక్కబొడుచుకున్నాయి. 20 శాతం కోటా సంగతి రెండుసార్లు చదివించుకున్నారు. గ్రీజు గురించి మళ్ళీ మాట్లాడలేదు.

తమ్ముడితో మాట్లాడటం కష్టమైంది. చట్టం, జైలు అనేసరికి "నా మేనల్లుడికి నేను పని నేర్పితే నన్ను జైల్లో పెట్టిస్తావా అక్కా" అని అలిగాడు. రెండు రోజులు ఫోనెత్తలేదు. మూడో రోజు తనే వచ్చాడు. ఒప్పందం ఇదీ: ఆదివారం పొద్దున 9 నుంచి 1 దాకా. సంక్రాంతి దాకానే. మిషను స్విచ్చి మీద వాడు చెయ్యి వేయకూడదు. కొలతలు, ఫైలింగ్, డ్రాయింగ్ గీయడం. మార్చి అయ్యాక టర్నర్ సీటుకి దరఖాస్తు. మావాడు "ఇంతేనా" అని రెండు పూటలు అన్నం మానేశాడు, మూడో పూట చేపల పులుసు వండాను, తిన్నాడు.

మొన్న ఆదివారం వాడికి అన్నం పట్టుకెళ్ళి కాసేపు నిలబడి చూశాను. తమ్ముడు వాడి చేతికి వెర్నియర్ కాలిపర్ ఇచ్చి, బల్లమీద పది ఇనుప ముక్కలు పెట్టి కొలవమన్నాడు. వాడు కొలిచి పుస్తకంలో రాస్తున్నాడు. నాలుగో ముక్క దగ్గర తమ్ముడు తన కొలత 18.46 అన్నాడు, వాడు 18.42 అన్నాడు. ఇద్దరూ వెలుతుర్లోకి పట్టుకెళ్ళి గీతలు లెక్కపెట్టుకున్నారు. వాడిదే కరెక్టు. తమ్ముడు కళ్ళద్దాలు తుడుచుకుని, "రాత్రి చూపు తగ్గుతోంది" అన్నాడు. మిట్టమధ్యాహ్నం అది.

ఒక్క సాయం కావాలి. ముందు ఉక్కు టోపీ ఉండే సేఫ్టీ బూట్లు వాడి సైజుకి దొరకడం లేదు. 6 నంబరు. అడిగిన చోటల్లా 8 నుంచే అంటున్నారు. ఎక్కడ దొరుకుతాయి?

---

షెడ్డు మేస్త్రీ | నవంబర్ 24, రాత్రి 10:20

అమ్మా, కొనకండి. మావాడికి ఎనిమిదో తరగతిలో కొన్నవి 6 నంబరువి ఒక జత అటక మీద ఉన్నాయి. నాలుగు వారాలు కూడా వేసుకోలేదు, కాళ్ళు పెరిగిపోయాయి. తోలు కాస్త బిగిసింది, ఆముదం రాస్తే మెత్తబడుతుంది. ఆదివారం మీ తమ్ముడి షెడ్డు ఏ రోడ్డో చెప్పండి, మావాడితో పంపిస్తాను.